అటక మీది పాటపెట్టె మళ్లీ ఎలా పాడుతుంది?

పూడిమడక పోయే దారిలో ఒక పాత పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీంచి నల్లపెట్టె ఒకటి దిగింది. చిన్న సూట్‌కేసంత ఉంది. పట్టుకునే తోలు చెయ్యి చీకిపోయింది. మూలల రేకులు తుప్పుపట్టి రెక్సిన్‌కి అంటుకుపోయాయి. గొళ్లెం తీసి మూత ఎత్తితే బొద్దింకల వాసన, మాసిపోయిన కుక్కబొమ్మ, గుడ్డంతా పురుగు కొట్టేసిన పళ్లెం. ఇంటి పెద్దాయన ఒక్క మాటే అన్నాడు: "మా అయ్య కొన్నాడు బాబూ. అరుగు మీద ఎట్టి హరిశ్చంద్ర పద్యాలు ఏసీవోడు. ఊరు ఊరంతా వొచ్చి కూకునీవోరు."

ఆయన మనవడు అచ్యుతాపురం సెజ్‌లో పనిచేస్తాడు. పెట్టెను నా దగ్గరికి మోసుకొచ్చి, రెండు నెలలు ప్రతి ఆదివారం పక్కన కూచుని ప్రశ్నలు అడిగాడు. ఆ ప్రశ్నలనే వరసగా పెట్టి, తెలిసినంత వివరంగా జవాబు రాస్తున్నాను. ఇలాంటి పెట్టెలు మన జిల్లాల్లో ఇంకా ఎన్నో అటకల మీద ఉండే ఉంటాయి. వాటిని తూకానికి అమ్మేసేలోపు ఎవరో ఒకరు ఇది చదవాలని నా ఆశ.

"వైరు లేదు, బ్యాటరీ లేదు. అరుగు చుట్టూ ఉన్న జనమంతా వినేంత శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చేది మావయ్యా?"

మీ ముత్తాత చేతిలోంచి. కీ ఇచ్చినప్పుడు చెయ్యి పడిన కష్టం లోపల చుట్టిన ఉక్కు పట్టీలో నిలవ ఉంటుంది. ఆ స్ప్రింగు మెల్లగా విడుతూ పళ్లేన్ని తిప్పుతుంది. పళ్లెం మీది ప్లేటులో (రికార్డును మన పెద్దలు ప్లేటనే అనేవారు) అంచు నుంచి నడుమ దాకా చుట్టలు తిరిగే ఒకే ఒక గాడి ఉంటుంది. వెడల్పు మిల్లీమీటరులో ఆరేడో వంతు. ఆ గాడిని విప్పి నేల మీద పరిస్తే నూరు మీటర్లు దాటుతుంది. పాడినవాళ్ల గొంతు ఆ గాడి గోడల్లో అటూ ఇటూ సన్నటి వంకరలుగా ఉంటుంది. గాడిలో పోయే ముల్లు ఆ వంకరలకు ఊగుతుంది. ముల్లును పట్టుకున్న చిన్న మీట ఆ ఊపును సౌండ్‌బాక్సులోని పల్చటి రేకుకు అందిస్తుంది. రేకు గాలిని తోస్తుంది. ఆ గాలి బోలుగా ఉన్న చేతి గుండా, పెట్టె అడుగున మడతపెట్టిన బూర గుండా వెడల్పవుతూ వచ్చి, తెరిచిన మూతకు తగిలి మన మీద పడుతుంది. నోటి చుట్టూ రెండు చేతులు దొన్నెలా పట్టి కేకేస్తే అవతలి గట్టు మీదివాడికి వినపడుతుంది కదా, బూర చేసేదీ ఆ పనే.

ఎడిసన్ 1877లో తగరపు రేకు చుట్టిన గొట్టం మీద మాటను పట్టాడు. పదేళ్లకు బెర్లినర్ ఆ గొట్టాన్ని బల్లపరుపు పళ్లెంగా మార్చాడు. 1902 నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ ప్లేటు కోసం బూరలోకి పాడింది. 1908కల్లా అక్కడే, సియాల్దాలో, ప్లేట్లు అచ్చుపోసే ఫ్యాక్టరీ వచ్చింది. మా ముందున్న పెట్టె కుక్కబొమ్మ కంపెనీ హెచ్.ఎం.వి. వారి 102. బయటి దేశంలో 1931లో అమ్మకానికి వచ్చిన ఈ రకం, చేత్తో మోసుకుపోగలిగే పెట్టెలన్నిట్లో గట్టిదని పేరు తెచ్చుకుంది. నా లెక్కలో కూడా అంతే.

"స్ప్రింగు తెగిపోయిందేమో, కీ తిప్పితే చూద్దామా?"

వద్దు. పాత పెట్టె చేతికి రాగానే అందరూ చేసేది అదే, ఎక్కువ పెట్టెలు చచ్చేదీ అక్కడే. ముందు పళ్లేన్ని రెండు వేళ్లతో మెల్లగా తిప్పి చూడాలి. కదిలితే సగం బతికినట్టు. కదలకపోతే నూనె గట్టిపడి ఇరుసులు బిగుసుకున్నాయని అర్థం. అలాంటప్పుడు కీ ఇస్తే, విడుదల కాలేని బలమంతా లోపల పోగవుతుంది. ఎనభై ఏళ్ల కిందట ఎవరో నిండా కీ ఇచ్చి వదిలేసిన పెట్టె కూడా నీ చేతికి రావచ్చు. ఆ బలం ఇంకా అందులోనే ఉంటుంది.

మా పెట్టెలో పళ్లెం కదల్లేదు. ఇరుసుల మీదా, వేగాన్ని కాసే గవర్నరు మీదా కిరసనాయిలు చుక్కలు వేసి, మూతపెట్టి, మర్నాడు మళ్లీ వేశాం. మూడో రోజుకి పళ్లెం ఒక మూలుగు మూలిగి అరచుట్టు తిరిగింది. ఆ తర్వాత తనంతట తనే పన్నెండు చుట్లు తిరిగి ఆగింది. ఆ పన్నెండు చుట్లూ పెద్దాయన తండ్రి చివరిసారి ఇచ్చిన కీలో మిగిలినవి అయ్యుండాలి. కుర్రాడు ఆ మాట విని చాలాసేపు మాట్లాడలేదు.

కీ తిప్పేటప్పుడు ఆనకుండా గిర్రున తిరిగిపోతుంటే స్ప్రింగు తెగినట్టు, లేదా దాని కొస కొక్కెం నుంచి ఊడినట్టు. రెండోదైతే అదృష్టం.

"స్ప్రింగు అంత ప్రమాదమా? ఎలా విప్పాలి?"

ఈ ప్రశ్న దగ్గర నేను నా ఎడమ అరచెయ్యి చూపించాను. ముప్పయ్యేళ్ల కిందట ఇలాంటి మోటారుకే ఉత్త చేతులతో మూత తీశాను. బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా ఆ గీత ఇప్పటికీ ఉంది. దాదాపు అంగుళం వెడల్పు, మూడు మీటర్లకు పైగా పొడవు ఉన్న ఉక్కు పట్టీని అరచేతిలో పట్టే డబ్బీలో చుట్టి పెడతారు. కీ పూర్తిగా దిగిపోయినా సరే, డబ్బీ గోడలను తోస్తూనే ఉంటుంది. ఒక్కసారిగా బయటపడితే కత్తిలా ఎగురుతుంది.

అందుకని ముందు కీ బలమంతా పోయిందని నిర్ధారించుకోవాలి. మోటారును చెక్క నుంచి విప్పి, డబ్బీని వేరు చేసి, దాని మూత తియ్యాలి. చేతులకు మందపాటి తోలు గ్లౌజులు, కళ్లకు వెల్డింగువాళ్ల అద్దాలు ఉండాలి. డబ్బీని గోనెపట్టాలో చుట్టి మోకాళ్ల మధ్య అదిమి పట్టుకుని, నడిమి కొసను కటింగ్ ప్లేయరుతో పట్టి ఒక్క చుట్టు పైకి లాగి, రెండో చేత్తో గట్టిగా అదిమి, ఇంకో చుట్టు లాగాలి. తొందరపడకూడదు. మేమిద్దరం కలిసి ఆ పనికి ముప్పావు గంట తీసుకున్నాం. చివరి రెండు చుట్లు బలంగా తంతాయి. అప్పుడు డబ్బీని నేలకేసి అదిమిపెట్టి వదలాలి.

బయటికొచ్చిన స్ప్రింగు చూస్తే తారు పూసినట్టుంది. అసలు తయారీలో దీనికి గ్రాఫైటు కలిపిన గ్రీజు వేసేవారు. దశాబ్దాల వేడికి అందులో నూనె ఎండిపోయి బంకగా మారుతుంది. అప్పుడు పట్టీ చుట్లు ఒకదాన్నొకటి పట్టుకుని, ఉన్నట్టుండి వదులుతాయి. పాత పెట్టెల్లో పాట నడుమ అడుగు నుంచి 'ధబ్' మని వచ్చే చప్పుడు ఇదే. చాలామంది స్ప్రింగు విరిగిందనుకుని భయపడి పెట్టె మూసేస్తారు. శుభ్రం చేసి గ్రీజు మారిస్తే ఆ చప్పుడు పోతుంది.

శుభ్రం చెయ్యడానికి కిరసనాయిలు దొరక్కపోతే రంగుల షాపులో టర్పెంటైన్ తీసుకోండి. స్ప్రింగును అందులో ఒక రాత్రి నానబెట్టి, గుడ్డతో తుడుచుకుంటూ పట్టీ మొత్తం వేలితో తడమాలి. సన్నటి అడ్డ పగులు వేలికి తగిలితే ఆ స్ప్రింగును మళ్లీ ఎక్కించకండి. కొస దగ్గర ఒకటి రెండు అంగుళాలు మాత్రమే విరిగి ఉంటే, ఆ కొసను ఎర్రగా కాల్చి మెత్తబరిచి కొత్త కన్నం పెట్టించవచ్చు. కాల్చేది ఆ కొసను మాత్రమే సుమా, ఆ పైన వేడి పాకితే స్ప్రింగు గుణం పోతుంది. మళ్లీ చుట్టేటప్పుడు మాలిబ్డినం గ్రీజు పల్చగా పూస్తే చాలు. పాతకాలపు పద్ధతే కావాలంటే గ్రాఫైటు పొడిని వాజలైనులో రంగరించుకోవచ్చు.

"నిమిషానికి 78 చుట్లని రాసుంది. స్ప్రింగు మొదట్లో బలంగా, చివర్లో నీరసంగా లాగుతుంది కదా, వేగం ఒకేలా ఎలా ఉంటుంది?"

వాడు అడిగినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. వేగాన్ని కాసేది గవర్నరు. సన్నటి ఇరుసు చుట్టూ మూడు చిన్న ఇత్తడి గుండ్లు, ఒక్కోటి ఒక్కో పల్చటి రేకు స్ప్రింగుకు బిగించి ఉంటాయి. ఇరుసు వేగం పెరిగేకొద్దీ గుండ్లు బయటికి జరుగుతాయి. రంగులరాట్నం వేగం పుంజుకుంటే గుర్రాలు బయటికి ఎగసినట్టే. గుండ్లు బయటికి పోతే వాటికి కట్టిన చక్రం ఇరుసు మీద పక్కకు జరిగి ఒక చిన్న తోలు ముక్కను ఒరుసుకుంటుంది. ఆ రాపిడే బ్రేకు. వేగం కాస్త తగ్గితే గుండ్లు లోపలికి, రాపిడి తక్కువ. ఇది ప్రతి క్షణం జరుగుతూనే ఉంటుంది. వేగం సర్దే మీటను కదిపితే మనం జరిపేది ఆ తోలు ముక్కనే.

మా పెట్టెలో గవర్నరు మొత్తం బండి చక్రాల గ్రీజుతో నిండి ఉంది. ఎప్పుడో ఏదో షాపులో ఎవరో మంచి చేద్దామనే పూసుంటారు. గ్రీజు స్ప్రింగుకు మేలు, గవర్నరుకు శాపం. ఇక్కడ కావలసింది కుట్టుమిషను నూనె, అదీ ఒక్కో ఇరుసు కొసకు ఒక్క చుక్క. తోలు ముక్క రాయిలా గట్టిపడి కీచుమంటోంది. పాత చెప్పు నాలుక నుంచి అంత ముక్క కత్తిరించి, నూనెలో నానబెట్టి పెట్టాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. కీ ఇచ్చి ఉన్న మోటారు నుంచి గవర్నరును ఎన్నడూ ఊడదియ్యకండి. ఆపేవాడు లేక స్ప్రింగు బలమంతా రెండు మూడు సెకన్లలో బయటపడుతుంది. పళ్ల చక్రాల పళ్లు ఊడిపోతాయి, వేలు అడ్డముంటే వేలూ పోతుంది.

వేగం సరిచూడడానికి ప్లేటు కింద కాగితం ముక్క దూర్చి, ముల్లు వేసి పాట నడుస్తుండగానే అర నిమిషం లెక్కపెట్టాలి. 39 చుట్లు రావాలి. ముల్లు వెయ్యకుండా లెక్కపెడితే తప్పుతుంది, ముల్లు బరువు కూడా బ్రేకే మరి. ఇంకో చక్కని దారి ఉంది. మన కరెంటు 50 సైకిళ్లది కాబట్టి పాత ఫిలమెంటు బల్బు సెకనుకు నూరుసార్లు మినుకుతుంది. అట్ట మీద గుండ్రంగా, సమాన దూరంలో 77 నల్ల గీతలు గీసి పళ్లెం మీద పెడితే, వేగం సరిగా ఉన్నప్పుడు గీతలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. ఈ పరీక్ష చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద పనిచెయ్యదు.

"తిరుగుతోంది సరే, గొంతు గరగరలాడుతోందేం?"

సౌండ్‌బాక్సులోని రేకును రెండు వైపులా రబ్బరు వలయాలు పట్టుకుని ఉంటాయి. వాటి మెత్తదనం మీదే పాటంతా ఆధారపడుతుంది. రబ్బరు గట్టిపడితే రేకు స్వేచ్ఛగా ఊగలేక అంచుల దగ్గర వణుకుతుంది. ఆ గరగర అదే. సరైన మందంలో మెత్తటి రబ్బరు గొట్టం ఎక్కడ దొరుకుతుందని వెతికి వెతికి, చివరికి సైకిలు షాపులో వాల్వ్ ట్యూబు కొన్నాం. వలయానికి సరిపడా కోసి, రెండు కొసలూ ఆనేలా అమర్చి, మూత మరలను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం. బిగువు ఎక్కువైతే గొంతు సన్నబడుతుంది, వదులైతే గరగర మళ్లీ వస్తుంది. మాకు ఐదోసారికి కుదిరింది.

102 లాంటి పెట్టెల్లో రేకు అల్యూమినియంది. ఇంకా పాతవాటిలో అభ్రకం, మన కాకిబంగారం. గూడూరు గనుల్లో పొరలు పొరలుగా వచ్చేది అదే రాయి. అభ్రకం పొర విచ్చుకుంటే అంటించే ప్రయత్నం చెయ్యకుండా మార్చడమే మంచిది. రేకు నడుమ మీట కొస తగిలే చోట గాలి కారకుండా తేనెమైనం చుక్క వేస్తారు. ఆ మైనం ఎండి పగిలితే శబ్దం సగానికి పడిపోతుంది. మీట ఇరుసు దగ్గర ఆవగింజకన్నా చిన్న ఉక్కు గుండ్లు ఉండవచ్చు. విప్పేటప్పుడు కింద తెల్లగుడ్డ పరుచుకోండి.

చేతులెత్తేయాల్సిన సందర్భం ఒకటుంది. సౌండ్‌బాక్సుల వెనక భాగం, కొన్ని బోలు చేతులు జింకు మిశ్రమంతో పోతపోసినవి. అందులో కాస్త సీసం కలిసినా, తేమగాలికి లోపల్లోపలే ఉబ్బి, పగుళ్లు పారి, బిస్కెట్టులా విరిగిపోతుంది. దానికి అతుకు లేదు. సముద్రం మూడు నాలుగు మైళ్లలో ఉన్న మా ఊళ్లలో ఇది తొందరగా జరుగుతుంది. గాలిలోని ఉప్పు రేణువు లోహం మీద వాలి తేమను పీల్చుకుంటుంది. ఆ ఉప్పునీటి పొరలోనే తుప్పు పరుగులు తీస్తుంది. మంచి గదిలో పెట్టినా చాలదు. నెలకోసారి లోహాన్ని పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె చెయ్యి రాయాలి.

"రంగేయించి కొత్తదానిలా సెయ్యలేకపోయావా బాబూ?" అని పెద్దాయన భార్య అడిగింది.

అమ్మా, చెయ్యగలను. చెయ్యకూడదనుకున్నాను. రెక్సిన్ మీద తడిగుడ్డ, లోహానికి కిరసనాయిలు, ఊడిన మూలలకు జిగురు, పురుగు కొట్టిన గుడ్డ స్థానంలో కొత్తది, అంతే చేశాం. ఇసక కాగితం పెడితే తుప్పుతోపాటు కింద మిగిలిన పూత కూడా పోతుంది. మూత అంచున ఒకచోట రెక్సిన్ అరిగి చెక్క కనిపిస్తుంది. మీ మావగారు ప్రతిసారీ బొటనవేలు పెట్టి ఎత్తిన చోటది.

ఇంకో కారణం కూడా చెప్పాలి. పెద్ద ఊళ్లలో తళతళలాడే పెద్ద ఇత్తడి బూర, కొత్త చెక్కపెట్టె, మీద కుక్కబొమ్మ చీటీతో 'పురాతన గ్రామఫోన్లు' అమ్ముతారు. వాటిలో చాలావాటికి వయసు లేదు. లోపల మోటారు మాత్రం పాతది, ఏదో ఒక నల్లపెట్టెను కోసి తీసింది. అలంకారపు బొమ్మ కోసం పాడగలిగే పెట్టె ఒకటి పోతోంది. నాకది నిజంగా బాధ. గతుకుల నల్లపెట్టె ఎవరి ఇంట్లోనైనా ఉంటే, షోకేసు బూరకు మార్పిడి ఇస్తామన్నా ఇవ్వకండి.

"ప్రతి వైపుకీ ముల్లు మార్చాలా? పిసినారితనం చేస్తే ఏమవుతుంది?"

ప్లేటు పోతుంది. ఈ ప్లేట్లలో లక్క మూడో వంతు కూడా ఉండదు. మిగతాది మెత్తటి రాతిపొడి, మసి, కాస్త దూదిపీచు. రాతిపొడి కావాలనే కలిపారు. ముల్లు మొన మీద నూరు గ్రాములకు మించిన బరువు పడుతుంది. మొదటి కొన్ని చుట్లలోనే గాడి ఆ ఉక్కు మొనను తనకు సరిపడేలా అరగదీసుకుంటుంది. మూడు నిమిషాలు గడిచేసరికి మొన ఉలిలా తయారవుతుంది. దాన్నే మరో వైపు వేస్తే ఆ ఉలి గొంతును చెక్కేస్తుంది. పాత ప్లేట్లలో గాడి బూడిదరంగుకు తిరిగి ఉంటే అది ఈ పొదుపు చేసిన పనే. 200 ముళ్ల రేకు డబ్బాలు అందుకే అమ్మేవారు, ఉక్కు ముళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. మరో మాట, తర్వాతి కాలపు ఎల్‌.పి. రికార్డులను ఈ పెట్టె మీద ఒక్కసారి కూడా పెట్టకండి. రెండు మూడు గ్రాముల బరువుకు తయారైన మెత్తటి గాడి అది.

లక్క సంగతి మా ప్రాంతంవాళ్లకు చెప్పనక్కర్లేదు. యలమంచిలి దాటితే వరాహనది ఒడ్డున ఏటికొప్పాక. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ రంగు లక్కను ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి కర్రకు పట్టుకుంటుంది. దాన్ని మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టుకునే గూడే ఈ లక్క. బొమ్మకు రంగు పట్టించేదీ, పాటను పట్టి ఉంచేదీ అదే. వేడికి కరిగే గుణం కూడా అదే కాబట్టి ప్లేట్లను ఎండలో, మూసిన కారులో ఉంచితే గిన్నెల్లా వంగిపోతాయి. స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగి గాడి చెడుతుంది. చల్లటి నీళ్లలో ఒక చుక్క మెత్తటి సబ్బు కలిపి, నడిమి కాగితం తడవకుండా, గాడి వెంట గుండ్రంగా తుడవాలి. ఆరాక నిలువుగా నిలబెట్టాలి.

"ఏ ప్లేటు వేద్దాం?"

పెట్టెతోపాటు గోనెసంచిలో పదిహేడు ప్లేట్లు దొరికాయి. ఆరు ముక్కలయ్యాయి. కొన్నిటికి కుక్కబొమ్మ, కొన్నిటికి ఓడియన్, ఒకటి హచిన్స్. ఒకవైపు మూడు నిమిషాల చిల్లర పాడే ఈ పది అంగుళాల ప్లేటు తెలుగు పద్యానికి కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. ఒక పద్యం, దాని వెనక రాగం, ఇంకాస్త రాగం, అయిపోయేసరికి గాడి చివరికి వస్తుంది. కపిలవాయి రామనాథశాస్త్రి, డి.వి. సుబ్బారావు వంటి రంగస్థల నటుల గొంతులు నాటకం రాని ఊళ్లకు కూడా ఇలాగే చేరాయి. మా ఉత్తరాంధ్ర గొంతులూ ఉన్నాయి. విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్, సాలూరు దగ్గరి శివరామపురం నుంచి వచ్చిన రాజేశ్వరరావు బాలసరస్వతితో పాడిన లలితగీతాలు.

పెద్దాయన చెయ్యి ఒక హరిశ్చంద్ర ప్లేటు మీద ఆగింది. అంచు నుంచి రెండంగుళాల దాకా వెంట్రుక పగులు ఉంది. విడిపోయే పగులైతే వెయ్యనిచ్చేవాణ్ణి కాదు. వేలితో రాసి చూస్తే రెండు అంచులూ సమంగానే ఉన్నాయి. కుర్రాడు కొత్త ముల్లు బిగించి, కీ ఇచ్చి, తాత చేతికి ముల్లు అప్పగించాడు.

మొదట గాలి వీచినట్టు ఒక హోరు, తర్వాత హార్మోనియం, తర్వాత గొంతు. హోరు మధ్య చుట్టు చుట్టుకీ 'టక్' 'టక్' అని పగులు. కుర్రాడు ఫోనులో గడియారం చూసుకుంటూ ఆ టక్కులు లెక్కపెట్టాడు. అర నిమిషానికి సరిగ్గా 39.

"ఇది అప్పుడూ ఇలగే కొట్టుకునీది," అన్నాడు పెద్దాయన. "ఈ ప్లేటు పడేసింది నేనే. మా అయ్యకి సెప్పలేదు."